సీలు కవరుకు ఎదురు నిలిచిన అర్జీ

విజయవాడ నుంచి మైలవరం మీదుగా వచ్చే జాతీయ రహదారి తిరువూరు దాటి కొత్తగూడెం, భద్రాచలం దారి పట్టగానే రాష్ట్రం మారిపోతుంది. మా ఊరి పెద్దలకు ఈ సరిహద్దు కొత్త కాదు. వాళ్ల తాతల కాలంలో ఇటు మద్రాసు రాజధాని, అటు నిజాం రాజ్యం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1956 నవంబరు 1న ఆ గీత చెరిగిపోయింది. 2014 జూన్ 2న మళ్లీ పడింది. ఈ ఒక్క గీత చరిత్రలోనే ప్రభుత్వం జనానికి చూపకుండా దాచిన కాగితాలు రెండున్నాయి. పోలీసు చర్య తరువాత పండిట్ సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక ఒకటి. 2010 డిసెంబరులో, తెలంగాణ అంశం మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ సీలు కవరులో కేంద్ర హోంశాఖకు అందించిన ఎనిమిదో అధ్యాయం రెండోది. మొదటిది అరవై ఏళ్లకు పైగా చీకట్లోనే ఉండిపోయింది. రెండోదాని కోసం ఒక పౌరుడు హైకోర్టుకు వెళ్లడం, కోర్టు దాన్ని తెప్పించి చదవడం, బయటపెట్టమని తీర్పు చెప్పడం మూడు నెలల్లోపే జరిగిపోయాయి. ఈ రెండు కాగితాల నడుమ దేశంలో ఏం మారిందో వెనుదిరిగి చూడడమే ఈ వ్యాసం పని. అడిగే హక్కు వచ్చిందని మనం తరచుగా చెప్పుకుంటాం. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటుందని నా నమ్మకం. ‘ఇవ్వం’ అన్న మాట సబబో కాదో తేల్చే పని, ఆ మాట అన్నవారి చేతిలోంచి తప్పి మరొకరి చేతికి వెళ్లింది. ఆ చేతులు మారడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

రహస్యానికి మన దేశంలో చట్టరూపం తెల్లదొరల కాలంలోనే వచ్చింది. 1872 నాటి సాక్ష్య చట్టం 123వ సెక్షన్‌లో, రాజ్య వ్యవహారాలకు సంబంధించిన ప్రచురితం కాని దస్తావేజుల ఆధారంగా సాక్ష్యం చెప్పాలంటే శాఖాధిపతి అనుమతి ఉండాలన్నారు. ఇవ్వాలో వద్దో ఆయన ఇష్టం. 1889లో కలకత్తా అమృత బజార్ పత్రిక కాశ్మీరు వ్యవహారాల మీద ప్రభుత్వ పత్రమొకదాన్ని అచ్చువేసింది. సర్కారు ఉలిక్కిపడింది. ఆ ఏడే అధికార రహస్యాల చట్టం పుట్టింది. 1904లో వైస్రాయి కర్జన్ దానికి పదును పెట్టాడు. 1923లో ఇప్పటికీ అమల్లో ఉన్న రూపం వచ్చింది. గూఢచారిని పట్టుకోవడానికి చేసిన చట్టమే అయినా దాని అయిదో సెక్షన్ ఎంత విశాలంగా ఉందంటే, కచేరీలో పనిచేసే గుమాస్తా ఏ కాగితం గురించి బయట నోరు విప్పినా అందులో ఇరుక్కునే వీలుంది. ఆ భయం తాలూకా కచేరీల గోడల్లోకి ఇంకింది. రైతు తన పొలం అడంగల్ నకలు కోసం వచ్చినా, ఊరి చెరువు ఖర్చు లెక్క అడిగినా ‘అది సర్కారు కాగితం’ అన్న జవాబే వినిపించేది. సర్కారును రాతలో నిలదీసినవారి గతి మన కృష్ణా జిల్లా కళ్లారా చూసింది. 1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహం కింద జైలుపాలయ్యారు. సర్కారు మీద వ్యాఖ్య రాసినందుకే సంకెళ్లు పడిన రోజుల్లో, సర్కారు దస్త్రం చూపమని అడిగే ఊహ ఎవరికి వస్తుంది?

స్వాతంత్ర్యం వచ్చింది గానీ బీరువా తాళాలు మారలేదు. అందుకు మనకు దగ్గరి దృష్టాంతం సుందర్‌లాల్ నివేదిక. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా సాగిన సైనిక చర్యకు ముందు రజాకార్ల దాడులకు తాళలేక నిజాం ఇలాకా గ్రామాల నుంచి ఎన్నో కుటుంబాలు కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్లకు తరలివచ్చాయి. తిరువూరు ప్రాంతంలో ఆ జ్ఞాపకాలు ఇళ్లల్లో కథలుగా నిలిచాయి. అయితే చర్య ముగిశాక హైదరాబాద్ సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింస వేరే కథ. ఆ వార్తలు ఢిల్లీ చేరడంతో నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్‌ను, కాజీ అబ్దుల్ గఫార్‌ను పంపింది. వారి బృందం నవంబరు చివరి నుంచి డిసెంబరు మూడో వారం దాకా తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. గట్టిగా అడిగినవారు లేకపోలేదు. కానీ అడిగినవారికి కాదంటే ఎక్కడికి వెళ్లాలో చెప్పే చట్టం లేదు, వినే గద్దె లేదు. చరిత్రకారుల చేతుల్లో ప్రతులు తిరిగాయి, భాగాలు అచ్చయ్యాయి, ఖండనలు వచ్చాయి. 2013లో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది చూడడానికి దొరికే నాటికి దాని గురించి సాక్ష్యం చెప్పగలిగిన తరం దాదాపు వెళ్లిపోయింది. దాచిన కాలంలో ఆ కాగితం ఎవరినీ కాపాడలేదు. రెండు వైపులా పుకార్లను మాత్రం పెంచింది. ఒక వర్గం తనకు తోచిన లెక్క చెప్పింది, ఇంకో వర్గం అసలేమీ జరగలేదంది. సరిహద్దు ఊళ్లలో పెరిగిన మాబోటి వాళ్లకు ఒకే సంఘటన రెండు వేరువేరు కథలుగా చెవిన పడింది.

కాదన్న మాటకు మొదటి ఎదురు న్యాయస్థానంలో పుట్టింది. అందులో ఒక తెలుగువాడి స్వరం ఉండడం మనం గుర్తుంచుకోవలసిన విషయం. పంజాబ్ ప్రభుత్వానికీ సోధీ సుఖ్‌దేవ్ సింగ్ అనే జిల్లా జడ్జికీ నడుమ నడిచిన వ్యాజ్యం సుప్రీంకోర్టు 1961 తీర్పుల సంపుటాల్లో ఉంది. తన ఉద్యోగ వివాదంలో ప్రభుత్వం దగ్గరున్న కాగితాలు చూపించమని ఆయన కోరాడు. రాజ్య వ్యవహారాల కాగితమా కాదా అన్నంత వరకే కోర్టు చూస్తుంది, బయటపెడితే కీడా మేలా అన్నది శాఖాధిపతి తేల్చుకోవాలని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు అన్నారు. రాజమండ్రి నుంచి వచ్చిన కోకా సుబ్బారావు వారితో ఏకీభవించలేదు. కోర్టు చూపు సోకకుండా దాచే అధికారాన్ని పూర్తిగా ప్రభుత్వానికే వదిలేయడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆ రోజున అది మైనారిటీ మాట. పద్నాలుగేళ్లు తిరిగేసరికి గాలి ఆ వైపు మళ్లింది. ఇందిరాగాంధీ ఎన్నికను సవాలు చేసిన రాజ్ నారాయణ్, ప్రధాని పర్యటనల భద్రతా నియమాలున్న ‘బ్లూ బుక్’ను కోర్టు ముందుకు తెమ్మన్నాడు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కుదరదంది. 1975 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పుస్తకాన్ని అతని చేతికి ఇప్పించలేదు. పద్ధతి ప్రకారం మళ్లీ పరిశీలించమని హైకోర్టుకు తిప్పి పంపింది. కానీ అవసరమైతే కాగితాన్ని తెప్పించి తానే చూసే అధికారం కోర్టుకు ఉందని తేల్చింది. ప్రజల పేరిట జరిగే పనులు ప్రజలకు తెలియాలన్న భావాన్ని జస్టిస్ కె.కె. మాథ్యూ ఆ తీర్పులో రాజ్యాంగం గడప మీద నిలబెట్టారు. 1981 డిసెంబరులో ఎస్.పి. గుప్తా కేసులో జస్టిస్ భగవతి ఇంకో అడుగు ముందుకు వేశారు. న్యాయమూర్తుల కొనసాగింపు మీద కేంద్ర న్యాయశాఖ మంత్రికీ ప్రధాన న్యాయమూర్తులకూ నడుమ నడిచిన ఉత్తరాలనే బయటపెట్టించారు. 1995లో ప్రసార తరంగాలు ఎవరి సొత్తన్న కేసులో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా, సమాచారం అందుకోవడం వాక్‌స్వాతంత్ర్యంలో భాగమన్న ధోరణినే బలపరిచారు. ఇక్కడ ఒక వంశానుగతమైన ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2019 ఏప్రిల్‌లో రాఫెల్ విమానాల కేసులో పత్రికలకెక్కిన రహస్య పత్రాలను చూడనే కూడదని ప్రభుత్వం వాదించింది. ఆ వాదనను తోసిపుచ్చిన ధర్మాసనంలో తనదైన తీర్పు విడిగా రాసిన జస్టిస్ కె.ఎం. జోసెఫ్, 1975 నాటి మాథ్యూగారి కుమారుడే.

కోర్టు తలుపు తట్టడానికి లాయరు కావాలి, డబ్బు కావాలి, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. సామాన్యుడికి అంతకన్నా దగ్గరి గద్దె ఒకటి కావలసి వచ్చింది. దాన్ని ఢిల్లీ పెద్దలు దయతలచి ఇచ్చారనుకుంటే పొరపాటు. 1990లో రాజస్థాన్‌లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కరువు పనుల కూలి మస్టర్లు చూపమని అడుగుతూ ఊరూరా జనసునవాయిలు, అంటే బహిరంగ విచారణలు, పెట్టింది. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేసింది. తమిళనాడు, గోవా 1997లోనే సమాచార హక్కు చట్టాలు చేశాయి. కేంద్రం 2002లో ఒక చట్టం చేసి అమలు తేదీ ప్రకటించకుండా పక్కన పడేసింది. 2005లో పార్లమెంటు కొత్తగా చేసిన సమాచార హక్కు చట్టం ఆ ఏడు అక్టోబరు 12 నుంచి జమ్మూ కాశ్మీరు తప్ప దేశమంతటా అమల్లోకి వచ్చింది. స్వీడన్ ఈ పని 1766లో చేసింది, అమెరికా 1966లో. ఆలస్యంగా వచ్చినా మన చట్టం చాలా గట్టి పిండంగా పుట్టింది. అందులోనూ ‘కాదు’ అన్న మాటకు సంబంధించిన సెక్షన్లను జాగ్రత్తగా చదివితే, నూరేళ్ల అలవాటును తిరగేయాలని కూర్చుని రాసిన చట్టమని తెలుస్తుంది. 22వ సెక్షన్ ప్రకారం అధికార రహస్యాల చట్టంతో పొసగని చోట సమాచార హక్కు చట్టానిదే పైచేయి. 8(2) ప్రకారం దాపరికం వల్ల కాపాడే ప్రయోజనం కన్నా వెల్లడి వల్ల ప్రజలకు కలిగే మేలు ఎక్కువైతే మినహాయింపు ఉన్న కాగితమైనా ఇవ్వవచ్చు. పదో సెక్షన్ ప్రకారం దాచవలసిన వరుసల మీద నల్ల సిరా పూసి మిగిలిన కాగితం ఇవ్వాలి. అన్నిటికన్నా నాకు విలువైనదిగా కనిపించేది 19(5). అప్పీలులో, తిరస్కరణ సరైనదేనని రుజువు చేయవలసిన భారం తిరస్కరించిన అధికారిదే. అడిగినవాడు ఎందుకు అడిగాడో చెప్పనక్కరలేదు. 1872 నాటి శాఖాధిపతి ఈ ఒక్క వాక్యం చూస్తే తన కాళ్ల కింద నేల కదిలిందనుకునేవాడు.

ఆచరణలో అప్పీలు ఎలా నడుస్తుందో కళ్లకు కట్టాలంటే మా మిత్రుడొకరి కవరు చూపించాలి. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. 1948కి అటూ ఇటూ తిరువూరు తాలూకా సరిహద్దు శిబిరాల మీద నడిచిన దస్త్రాల నకళ్లు కావాలని ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాడు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలస్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. ఆయన పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేశాడు. ఇరవై ఎనిమిదో రోజున రెండు వరుసల జవాబు వచ్చింది. కోరిన సమాచారం భద్రతకు సంబంధించినది, 8(1)(ఎ) కింద ఇవ్వడం వీలుకాదు. కింద సంతకం, రబ్బరు స్టాంపు. చట్టం 7(8)లో తిరస్కరణ లేఖలో మూడు ఉండి తీరాలంది: కారణం, అప్పీలుకు గడువు, ఏ అధికారికి అప్పీలు చేసుకోవాలో ఆయన వివరం. ఈ లేఖలో సెక్షన్ అంకె ఉంది గానీ కారణం లేదు, మిగిలిన రెండూ అసలే లేవు. ఆ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి, ‘మనం ఏదో తప్పు అడిగినట్టు రాశాడయ్యా’ అన్నాడు. ఆ మాట నన్ను బాధించింది. నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషిని రెండు వరుసలు దోషిగా నిలబెట్టాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తిరస్కరణ లేఖకు ఉన్న బలమల్లా చదివినవాడికి కలిగే ఈ బెరుకులోనే ఉంది.

మొదటి అప్పీలుకు ముప్పై రోజుల గడువు, అది అదే కార్యాలయంలో పై అధికారికి. రుసుము లేదు. ఆయన ముప్పై రోజుల్లో, కారణం రాసి మరీ సాగదీస్తే నలభై అయిదు రోజుల్లో తేల్చాలి. అక్కడా కాదంటే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఒకప్పుడు దానికోసం హైదరాబాద్ బస్సెక్కేవాళ్లం, ఇప్పుడు విజయవాడ దిగి మంగళగిరి వెళితే చాలు. చట్టం తెలియని తొలి ఏళ్లలో మేమంతా ఒక పొరపాటు చేశాం. 18వ సెక్షన్ కింద ఫిర్యాదు పెట్టి కాగితం కోసం ఎదురుచూసేవాళ్లం. ఫిర్యాదు వల్ల అధికారికి రోజుకు రూ. 250 చొప్పున రూ. 25,000 దాకా జరిమానా పడవచ్చు గానీ కాగితం చేతికి రాదని, అది కావాలంటే 19వ సెక్షన్ కింద అప్పీలుకే వెళ్లాలని 2011లో మణిపుర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక గానీ తెలివి రాలేదు. పాత కాగితాల విషయంలో ఇంకో చిక్కుంది. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారం ఇవ్వాలని 8(3) చెబుతుంది. కానీ దేశభద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాల మినహాయింపులు మాత్రం ఇరవై ఏళ్లకూ చెరిగిపోవు. కాబట్టి డెబ్బై అయిదేళ్ల నాటి శిబిరాల లెక్క నేడు దేశానికి ఎలా హాని చేస్తుందో ఎదుటివారిచేత చెప్పించడమే అప్పీలులో అసలు పని. కాగితం మీద ‘రహస్యం’ అన్న ముద్ర ఉండడం ఒక్కటే కారణం కాజాలదు. ఆ ముద్ర వేసింది ఒక అధికారి, చట్టం వేయలేదు.

పెద్ద రహస్యాల మీద జరిగిన పోరాటాలు ఇదే దారిన నడిచాయి. ఫలితాలు మాత్రం ఒక్కలా లేవు. 1962 చైనా యుద్ధ పరాజయం మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదికను పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ అడిగాడు. రక్షణశాఖ కాదంది. 2010లో కేంద్ర సమాచార కమిషన్ కూడా ఆ నివేదికకు నేటికీ సైనిక ప్రాధాన్యం ఉందంటూ కాదంది. నాలుగేళ్లకు నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ రచయిత అందులో చాలా భాగం తానే బయటపెట్టాడు. మన పౌరుడు చట్టప్రకారం అడిగితే దొరకనిది పరాయి దేశస్థుడి అలమారా నుంచి దొరకడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నేతాజీ సుభాస్ చంద్రబోస్ దస్త్రాల సంగతి వేరుగా ముగిసింది. రచయిత అనుజ్ ధర్, ఆయన మిత్రులు ఏళ్ల తరబడి అర్జీలు, అప్పీళ్లు వేసి అధికారుల తలుపులు తట్టారు. 2015 సెప్టెంబరులో పశ్చిమబెంగాల్ 64 దస్త్రాలు, 2016 జనవరి 23న కేంద్రం వంద దస్త్రాలు తెరిచాయి. ఇక మన శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయం. శాంతిభద్రతల మీది ఆ అధ్యాయాన్ని నివేదికలో అచ్చువేయలేదు. నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు వెళితే జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ సీలు కవరు తెప్పించుకుని చదివారు. 2011 మార్చిలో బయటపెట్టమన్నారు, కొన్ని భాగాలను తీర్పులోనే ఉటంకించారు. కేంద్రం అప్పీలుకు వెళ్లింది, డివిజన్ బెంచి నిలిపివేసింది. కానీ తీర్పులో అచ్చయిన భాగాలను ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయారు. జనం చదివారు, ఊళ్లలో వాదించుకున్నారు. సుందర్‌లాల్ నివేదికకు పట్టని ఈ యోగం ఆ అధ్యాయానికి పట్టిందంటే, మధ్యలో సుబ్బారావు భిన్నస్వరం నుంచి బ్యావర్ ధర్నా దాకా జరిగిందంతా దాని వెనుక ఉంది.

ఈ కథలో తెలుగువారి పాత్ర కోర్టు తీర్పులతోనే ఆగిపోలేదు. 2006లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం తన మొదటి నివేదికలో అధికార రహస్యాల చట్టాన్ని రద్దు చేయాలని సిఫారసు చేసింది. ఆ సంఘంలో మన జయప్రకాశ్ నారాయణ సభ్యుడు. ఆ సిఫారసు నేటికీ అమలు కాలేదు. 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేసిన మాడభూషి శ్రీధర్, పదవిలో ఉండి నిర్భయంగా ఉత్తర్వులు రాసినవారుగా పేరు తెచ్చుకున్నారు. మరోవైపు చట్టానికి గీతలూ పడుతున్నాయి. 2019 సవరణ కమిషనర్ల పదవీకాలం, జీతం నిర్ణయించే అధికారాన్ని కేంద్రం చేతికిచ్చింది. 2023 వ్యక్తిగత డిజిటల్ సమాచార చట్టం వ్యక్తిగత వివరాల మినహాయింపును విస్తరించింది. మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు, మళ్లీ మొదలవడానికి 2024 దాకా పట్టింది. ఈ మూడేళ్ల చీకటిని నేను చిన్నదిగా చూడలేను. తాను రోజూ పాటించవలసిన ఉత్తర్వు తనకే కనపడకుండా పోవడం పౌరుడికి పరాయి పాలనను గుర్తుచేస్తుంది. సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. పాత 123వ సెక్షన్ కొత్తదానిలో 129గా కూర్చుంది. అంకె మారింది, మాట దాదాపు అదే.

మా మిత్రుడి సంగతికి వస్తే, ఆ రెండు వరుసల జవాబు మీద మొదటి అప్పీలు ఇద్దరం కూర్చుని రాశాం. తెల్లకాగితం మీద ఒకటిన్నర పేజీ. 7(8) కింద ఇవ్వవలసిన కారణం లేదని, 19(5) కింద భారం మీదేనని, హాని ఎలా కలుగుతుందో రాతపూర్వకంగా చెప్పాలని, దాచవలసిన వరుసలు ఉంటే పదో సెక్షన్ ప్రకారం వాటికి నల్ల సిరా పూసి మిగిలినది ఇవ్వమని. అప్పీలు అధికారి పేరు తెలియదు కనుక హోదా రాసి, పక్కన ‘అప్పిలేట్ అధికారి, సమాచార హక్కు చట్టం’ అని పెట్టాం. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు గనుక తపాలా కార్యాలయంలో ఆ కౌంటరు దగ్గరే వరుసలో నిలబడ్డాం. మా ముందు పింఛను కాగితాలతో ఒక ముసలమ్మ, ఆమె ముందు కొడుకు పాస్‌పోర్టు కోసం వచ్చిన రైతు. మా వంతు వచ్చాక మిత్రుడు కవరు తూకం మీద పెట్టి రసీదు అందుకున్నాడు. దాన్ని మడిచి, మొదటి తిరస్కరణ లేఖతో కలిపి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి.